కాలిలో మిగిలిన బలం

పరిశోధనశాల డాక్టరు గారికి,

మొన్న మీ దగ్గర అలసట పరీక్షకు వచ్చిన అక్కాచెల్లెళ్లలో అక్కను నేను. పరుగు పందేల్లో పతకాలు తెచ్చేది చెల్లెలు. మా గది గోడకున్న మేకులన్నీ దాని పతకాలకే సరిపోయాయి. నా తువ్వాలు కుర్చీ మీద ఆరుతుంది.

దానికి నాన్న కాళ్లు వచ్చాయి, నాకు రాలేదు, ఏం చేస్తాం అని పదేళ్లుగా అందరితో నవ్వుతూ చెప్పుకొచ్చాను. కడుపులో మాత్రం మండేది.

మీరు సైకిలు తొక్కించి, కుర్చీలో కూర్చోబెట్టి, చీలమండకు పట్టీ కట్టి, కాలితో దాన్ని లాగమన్నారు. ఇంతకంటే నావల్ల కాదన్న క్షణంలో తొడకు కరెంటు పెట్టారు. నేను లాగినదానికంటే గట్టిగా లాగింది నా కాలు.

"కండలో ఇంకా పావు వంతు బలం ఉందమ్మా. మెదడూ నరాలే ముందు చేతులెత్తేశాయి," అన్నారు. చెల్లెలికి కరెంటు పెట్టినా అదనంగా ఏమీ రాలేదట. ఉన్నదంతా అదే ఊడ్చి పెట్టేసింది. పైగా కండబలం నాకే ఎక్కువట.

నాకున్న ఒక్క సాకునూ లాగేసుకున్నారు.

ఇద్దరి ఫలితాలూ ఒకే కవరులో పంపుతామన్నారు. దయచేసి పంపకండి. చెల్లెలు చదివి నవ్వితే ఊరుకుంటాను. కానీ నవ్వదు. "అక్కా, రేపట్నుంచి ఇద్దరం కలిసి పరిగెడదాం" అంటుంది. అది నేను భరించలేను.

నన్ను ఇంకోసారి పిలవండి. మొన్న దాన్ని బయటికి పంపి నన్ను కూర్చోబెట్టారు. ఈసారి దాన్ని నా ఎదురుగానే కూర్చోబెట్టండి. అది చూస్తుండగా నావల్ల కాదని నేను అనలేను. అప్పుడు పెట్టండి కరెంటు, కాలిలో ఏమైనా మిగిలుంటుందేమో చూద్దాం.

ఇట్లు,
దాని అక్క