ఆగస్టు మార్కులు మా అమ్మాయివే

టక్కర్స్ కోవ్ గ్రామం,
వాషింగ్టన్ కౌంటీ, మెయిన్ రాష్ట్రం,
అక్టోబరు 14.

జాతీయ ప్రవేశ పరీక్షల మండలి, మార్కుల విచారణ విభాగపు ముఖ్య అధికారి గారి సముఖమునకు, పై గ్రామ వాస్తవ్యుడు, లాబ్‌స్టర్లు అను పెద్ద సముద్రపు రొయ్యలను బోనులతో పట్టి జీవించు వెస్లీ కార్వర్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా అమ్మాయి డెలియా కార్వర్‌కు ఆగస్టు పరీక్షలో వచ్చిన మార్కులు ఆమెవేనని అంగీకరించి, నవంబరు ఒకటో తేదీ లోపుగా విడుదల చేయించుట – గురించి.

అయ్యా,

మా అమ్మాయి పేర తమరు పంపిన లేఖ చేరినది. ఫిబ్రవరి పరీక్షలో పదహారు వందలకు ఏడు వందల తొంభై మాత్రమే తెచ్చుకున్న అభ్యర్థిని ఆగస్టులో పద్నాలుగు వందల ఎనభై తెచ్చుకొనుట అసాధారణమనియు, కావున ఆగస్టు మార్కులు నిలిపివేసితిమనియు అందులో ఉన్నది. సంతృప్తికరమైన వివరణ పంపవలెను, లేదా ఆ మార్కులు రద్దు చేసుకొని నవంబరు మూడో వారంలో తమ ఉద్యోగి ఎదుట మళ్లీ పరీక్ష వ్రాయవలెను, అని రెండు దారులు చూపించినారు. రెండో దారి మాకు దారి కాదు. ఎల్డన్ కాలేజీ వారి ముందస్తు దరఖాస్తుల గడువు నవంబరు ఒకటితో ముగియును. కావున వివరణ సమర్పించుకొనుచున్నాను.

1. మా అమ్మాయికి వేసవిలో హఠాత్తుగా తెలివి పెరగలేదు. మొదటినుండీ తెలివైనదే. ఫిబ్రవరిలో ఒక్క ఉదయం మాత్రం తెలివిని పక్కన పెట్టినది. అందుకు కారణం బాస్కెట్‌బాల్.

2. మా రాష్ట్రంలో పదకొండో తరగతి పిల్లలందరికీ బడిలోనే తమ పరీక్ష పెడుదురు. ఈ ఏడాది మంచు తుఫాను వల్ల ఒకసారి వాయిదా పడి, చివరకు ఏ రోజున పెట్టినారో తమరికి రికార్డులో కనబడును. కనబడనిది ఏమనగా, ఆ రోజు మధ్యాహ్నమే బాంగర్‌లో ఆడపిల్లల జట్టుకు సెమీఫైనలు. మా బడి జట్టు బాంగర్ దాకా పోవడం ఇరవై రెండేళ్ల తరువాత ఇదే మొదలు. పడవలు రేవులోనే ఉన్నవి. కిరాణా కొట్టు మూసినారు. చర్చి పాస్టరు గారు ముఖానికి నీలం రంగు పూసుకున్నారు. ఈ వివరాలు అర్జీలో వ్రాయదగినవి కావని తెలుసును. కాని అవి తెలియనిదే తమరికి ఏడు వందల తొంభై అర్థం కాదు.

3. పరీక్షకు హాజరు కాని పిల్ల ఆ రోజు ఆడరాదని ప్రిన్సిపాలు గారి ఆజ్ఞ. పరీక్ష పూర్తిగా వ్రాస్తే బస్సు అందదు. మళ్లీ మంచు పడునని రేడియో చెప్పుచుండుటచే డ్రైవరు ఆగనన్నాడు. జట్టులో ఐదుగురు పదకొండో తరగతి వారే. అప్పుడు ఆ గదికి సంబంధించిన ఒక వ్యక్తి (పేరు అప్రస్తుతము) వారితో ఇట్లు పలికిరి:

"అమ్మాయిలూ, పేరు రాయండి. మూడో గడి నింపుకుంటూ కిందికి దిగిపొండి. ఆగస్టులో మళ్లీ రాసుకుని ఎక్కువొచ్చినవి పంపుకోవచ్చు. బస్సు మాత్రం మళ్లీ రాదు."

"అన్నిటికీ మూడోదేనా మిస్?" అని ఒక పిల్ల అడిగినది.

"అన్నిటికీ. ప్రశ్నలు మాత్రం చదవొద్దు, చదివితే అక్కడే ఆగిపోతారు. ముఖ్యంగా నువ్వు, డెలియా. నీ సంగతి నాకు తెలుసు."

అయినను మా అమ్మాయి ఒక లెక్క చదివినదట. బాంగర్ పోయేదాకా దానినే ఆలోచిస్తూ కూర్చుని, బస్సు దిగబోతూ జవాబు రెండోది అని గట్టిగా అరచి, సదరు వ్యక్తి చేత చీవాట్లు తిన్నది. మేము ఒక్క పాయింటుతో ఓడిపోయినాము. ఆ ప్రస్తావన ఇక్కడితో ముగించుచున్నాను.

4. పై కారణముచే ఐదుగురు ఆడపిల్లలకూ ఏడు వందల తొంభై చొప్పున వచ్చినవి. ఒకే గది, ఒకే ఉదయం, ఐదుగురికీ అవే మార్కులు. అప్పుడు తమ కార్యాలయము నుండి ఒక్క లేఖ కూడా రాలేదు. ఏమమ్మా, ఒకరిదొకరు చూసి రాశారా అని అడిగినవారు లేరు. మా వైపు పిల్లలకు అంతే వస్తాయిలే అని సరిపెట్టుకున్నారు కాబోలు. ఒక పిల్లకు మంచి మార్కులు రాగానే విచారణ! అయ్యా, మీకు అనుమానం రావలసింది ఫిబ్రవరిలో. ఈ మాట కోపంలో వ్రాసితిని, మన్నించవలెను. కొట్టివేయమంటే మాత్రం కొట్టివేయను.

5. ముందస్తుగానే ఎందుకు, తరువాత మామూలు గడువులో దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అని తమరు అడుగవచ్చును. నేనూ అడిగితిని.

"ఒక్కసారే అడుగుతాను నాన్నా. డిసెంబర్లో వాళ్లు రమ్మంటే పోతా. వద్దంటే వసంతానికల్లా నా బోనులు పెంచుకుంటా. ఏప్రిల్ దాకా కాలేజీ వాళ్ల గుమ్మంలో కుక్కపిల్లలా కూర్చోను."

"అదేం పంతమే? తర్వాత అడిగితే ఏం పోతుంది?"

"జో మామ ఒకసారి కాదన్నాక, పడవ ఇంజను బాగుచేయమని నువ్వు రెండోసారి అడిగావా ఎప్పుడైనా?"

అడుగలేదు. ఈ పంతం ఆమెకు నా నుండియే వచ్చినది, కాబట్టి దానిని వదిలించుట నా వల్ల కాదు. బడిపిల్లలకు ఇచ్చు వేట లైసెన్సుతో ఆమె ఎనిమిదో ఏట నుండి సొంతంగా బోనులు వేయుచున్నది. పని బాగా వచ్చును, అదే నా భయం. తాడులో చిక్కుకుని నా కుడిచేతి వేళ్లు రెండు పోయినవి. అది పెద్ద విషయం కాదు. నీళ్లు వేడెక్కుతున్నవి, లాబ్‌స్టర్లు ఏడాదికేడాది ఉత్తరానికి జరుగుతున్నవి. ఆమె నా వయసుకు వచ్చేనాటికి ఈ రేవులో బోను లాగితే పైకి ఏమి వస్తుందో నాకు తెలియదు. ఆ నీళ్ల సంగతే చదువుతానంటున్నది, ఎల్డన్‌లో. పోనివ్వండయ్యా. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఇట్టి వాక్యములు అర్జీలో ఉండరాదని తెలిసియు వ్రాయుచున్నాను.

6. ఇక సదరు వ్యక్తి విషయము. పరీక్ష గదిలో పిల్లలను మధ్యలో లేపుట తమ నిబంధనలకు విరుద్ధమని, తెలిసినచో ఆ వ్యక్తి ఉద్యోగమే పోవునని విన్నాను. అందుచేత మా అమ్మాయి నా చేత ప్రమాణం చేయించుకున్నది. "కోచ్ పేరు కాగితం మీద పెట్టావో, నేను దరఖాస్తే పెట్టను" అన్నది. మాట ఇచ్చితిని. కనుక పేరు చెప్పను. ఆమె మా బడిలో లెక్కలు చెప్పుదురనియు, జట్టుకు శిక్షణ ఇచ్చుదురనియు, మా ఇంటికి మూడో ఇల్లేననియు కూడా చెప్పను. ఆ రోజు ఆ గదికి బాధ్యులెవరో తమ రికార్డులోనే ఉండును. ఈ చివరి రెండు వాక్యములు చదువనట్లుగా భావింపగోరెదను.

ఇన్ని మాటల సారాంశము ఒక్కటే. తక్కువ మార్కులు దొంగవి, ఎక్కువ మార్కులు నిజమైనవి. దొంగవాటిని ఉంచి నిజమైనవాటిని పట్టుకున్నారు. తమ ఉద్యోగిని ఈ నెలలోనే మా ఊరు పంపండి. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి ఏ లెక్క అడిగినా మా అమ్మాయి చెప్పును. భోజనం మా ఇంట్లోనే. లేదా నన్ను రమ్మంటే పడవ వదిలి వచ్చి, తమ ఆఫీసు వరండాలో ఎన్ని రోజులైనా కూర్చుందును. ఏదో ఒకటి నవంబరు ఒకటికి ముందు జరిపించి, మా అమ్మాయిని ఒడ్డున పడవేయవలసినదిగా వేడుకొనుచున్నాను. ఈ మొర తమరు దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
వెస్లీ కార్వర్.

తా.క. పై అర్జీ వంటింటి బల్ల మీద ఆరబెట్టి, కవరు కోసం వెతుకుతుండగా సదరు వ్యక్తి గుమ్మంలోంచి వచ్చింది. నేను దాచేలోపే చదివేసింది. ఆరో అంశం దగ్గర కళ్లద్దాలు తీసింది.

"వెస్, ఎంత మాట నిలుపుకున్నావయ్యా! పేరొక్కటి చెప్పలేదు గానీ ఇంటికి దారి కూడా చెప్పేశావు."

"కొట్టేస్తాను బెవర్లీ, వేరే కాగితం మీద మళ్లీ..."

"కొట్టెయ్యకు. కలం ఇటియ్యి."

ఈ కింది వాక్యాలు ఆమె చేతి రాత:

'సదరు వ్యక్తి బెవర్లీ హస్కెల్ అనే నేనే. పిల్లలను నేనే లేపి బస్సెక్కించాను. డెలియాకు ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఆగస్టు మార్కులు చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు, కొంచెం తక్కువనిపించాయి. చర్య తీసుకోదలిస్తే నా మీద తీసుకోండి, పిల్ల మార్కులు పిల్లకు ఇచ్చేయండి. – బి. హస్కెల్.'

అయ్యా, ఈ మిగతా భాగం పోస్టాఫీసు బల్ల మీద నిలబడి వ్రాస్తున్నాను. పోస్టుమాస్టరు ఆర్లీన్ మా అమ్మ చెల్లెలు. కవరు మీద అడ్రసు చూసి ముఖం అదోలా పెట్టింది.

"ఒరేయ్, పొద్దున మీ అమ్మాయి కూడా ఇదే అడ్రసుకి ఒకటి వేసింది."

"ఏం వేసింది పిన్నీ?"

"మార్కులు రద్దు చేసెయ్యమని. నేనడగలేదు, అదే చెప్పి ఏడ్చింది."

ఎందుకు ఇట్లా చేసిందని అడిగాను.

"మా నాన్న కోచ్ పేరు చెప్పకుండా ఉండలేడు నానమ్మా, ఆయన తప్పు కాదు, నామీద ప్రేమ అలాంటిది, అందుకని ఆయన రాసేలోపే నేనే ముగించేస్తున్నా, అంది. తెలివైన పిల్లరా."

"ఆ కవరు తీసి నాకియ్యి పిన్నీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"నా కాళ్లు వాచి ఉన్నాయి, ముట్టుకోకు. ఒకసారి సంచిలో పడ్డాక అది దానిదీ కాదు, నీదీ కాదు. నేను తీస్తే జైలు."

ఇంత వయసు వచ్చి పోస్టాఫీసులో ఏడ్చాను. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. పిన్ని సంచి తెరిచి, డెలియా కవరు మీద నా కవరు పెట్టి రెండిటికీ కలిపి రబ్బరు బ్యాండు వేస్తానంది.

"ఉత్తరం ఆపడం నేరం. ఏది పైన పెట్టాలన్నది ఏ చట్టంలోనూ లేదు. తొందరగా రాసి అంటించు, బండి వచ్చేస్తోంది."

కాబట్టి ముందు మీ చేతికి ఇదే తగులుతుంది. కింద ఉన్న తెల్ల కవరు మా అమ్మాయిది. చట్టప్రకారం మీరు దాన్ని విప్పాలని నాకు తెలుసు. మీకూ పిల్లలుంటే, నవంబరు ఒకటి దాటేదాకా విప్పకండి.

వెస్లీ