వాసాలు లెక్కపెట్టే ఉద్యోగం

టీచరమ్మా,

నిన్ను ఇలా పిలిచి చాలా కాలమైంది. ఫోన్లో అయితే "తిన్నావా, నిద్ర పట్టిందా, అక్కకి మోకాలెలా ఉంది" అన్నవి తప్ప నా నోటికి నాలుగో మాట రాదు. ఇరవై రెండేళ్లు రిపోర్టులు రాసిన చెయ్యి కదా, కాగితం మీదైతే కాస్త కదులుతుందని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీ అక్క ఆపరేషనుకని రెండు నెలలకు వెళ్లినదానివి, ఇప్పుడు అయిదో నెల నడుస్తోంది. ఆవిడ మెట్లెక్కి డాబా మీద బట్టలు ఆరేస్తోందని నువ్వే చెప్పావు. "ఇంకో వారం" అన్న మాట నీ నోట ఇప్పటికి పదిసార్లు విన్నాను. నువ్విక రావేమోనని నాకు భయంగా ఉంది. ఫోన్లో ఈ మాట అనలేక రాస్తున్నాను.

మొన్న మా మేనేజరు కబురు చేశాడు, ఆఫీసు గదులు ఖాళీ చేస్తున్నాం, పాత కాగితాలేమైనా కావాలంటే వచ్చి పట్టుకుపొమ్మని. నన్ను ఇంటికి పంపి ఏడాది దాటినా కంపెనీ ఎలాగో ఈడ్చుకొస్తోంది, ఇప్పుడు అదీ అయిపోయింది. ఈ రోజుల్లో హోటల్లో కూర్చున్న ప్రతివాడూ ఇన్‌స్పెక్టరే. సూపు చల్లారేలోపు ఫోన్లో నక్షత్రాలు పెట్టేస్తున్నాడు. మామూలు మనుషుల్లా వెళ్లి తిని, మంచినీళ్లు ఎన్నో నిమిషానికి వచ్చాయి, కింద పడేసిన చెంచా ఎవరు తీశారు, బాత్రూములో సబ్బు ఉందా లేదా అని రాసి ఆ హోటలు యజమానికి పంపే మాలాంటి వాళ్లతో ఇక పనేముంది? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నువ్వు నడుం మీద చేతులు పెట్టుకుని, "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడానికి జీతం కూడా ఇస్తారా!" అన్నావు. ఆ రోజు నుంచే నన్ను ఇన్‌స్పెక్టరు గారూ అని పిలవడం మొదలుపెట్టావు.

ఒంటరిగా వచ్చి మాటిమాటికీ గడియారం చూసుకునే మనిషిని ఏ సర్వరైనా ఇట్టే పసిగడతాడు. అందుకని నిన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాణ్ని. ఎన్ని చోట్లకి వెళ్లామో! మొదట్లో అన్నీ తెల్లటి బల్లగుడ్డలు, గుసగుసలు, గొంతు పెంచితే తప్పన్నట్టు ఉండేది. తర్వాత తర్వాత గోడలకు ఇటుకలు అలాగే వదిలేసి, నెత్తి మీద బల్బులు వేలాడదీసే చోట్లు వచ్చాయి. "పాపం, సున్నం వేయించడానికి డబ్బులు చాల్లేదా?" అని నువ్వు సర్వర్నే అడిగావు. రొట్టె చెక్కపలక మీద తెచ్చిపెడితే, "దీని మీద తినాలా, ఎక్కాలు రాయాలా?" అన్నావు. ఆ తర్వాత బీరు తామే కాచి పోసే బ్రూవరీలు. అద్దం వెనక నిలువెత్తు రాగి పీపాలు, హాలంతా నానిన బార్లీ వాసన. మొదటిసారి నాలుగు బుల్లి గ్లాసుల్లో నాలుగు రంగుల బీరు తెచ్చి ముందు పెడితే ఒక్కొక్కటే రుచి చూసి, "ఇది పాసు, ఇది గ్రేసు మార్కులు, ఇది మళ్లీ రాయాలి" అని, నాలుగోది మాత్రం ఏమీ అనకుండా పూర్తిగా తాగేశావు.

వెళ్లిన ప్రతిచోటా మనకో కొత్త వేషం ఉండాలి. దారిలో నేను చెప్పేవాణ్ని, నువ్వు తలూపేదానివి. ఒకసారి పెళ్లికి పెద్దలు ఒప్పుకోని జంట. ఒకసారి చాలా ఏళ్లకి కలుసుకున్న అన్నాచెల్లెళ్లం. ఒకసారి కొత్త దంపతులం, అప్పటికి మన పెళ్లయి పన్నెండేళ్లు. ఆ రోజు పక్కబల్ల వాళ్లు మీరిద్దరూ ఎలా కలుసుకున్నారని అడిగితే ఏం కథ అల్లావు! సైకిలు మీద అపస్వరంలో గట్టిగా పాడుకుంటూ వచ్చి పళ్లబండిని గుద్దేసి, పళ్లన్నీ ఏరి బండివాడికిచ్చి, మళ్లీ పాడుకుంటూనే వెళ్లిపోయిన కుర్రాణ్ని చూసి మనసు పారేసుకున్నానన్నావు. వింటున్న నాకే కళ్లు చెమ్మగిల్లాయి. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడే మనిషివి, హోటలు బల్ల దగ్గర కూర్చుంటే చాలు, నీ మాటలకి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలక ఇక్కడిదాకా సాగదీశాను.

ఆ ఆఫీసు గదుల్లో ఫైళ్లు తిరగేస్తుంటే ఊళ్లో మొట్టమొదట పెట్టిన బ్రూవరీ తాలూకు ఫైలు చేతికొచ్చింది. పద్నాలుగేళ్ల కిందటిది. మన రిపోర్టు వెనక హోటలు సిబ్బంది రాసిన సంజాయిషీ ఒకటి గుచ్చి ఉంది. అలాంటివి వస్తే గుమస్తా ఫైల్లో పెట్టేసేవాడు. అవి చదవడం నా పని కాదనుకునేవాణ్ని, ఇన్నేళ్లలో ఒక్కటీ చదవలేదు. దీన్ని చదివాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నీకూ గుర్తుండే ఉంటుంది. బాధలో ఉన్న మనిషితో సిబ్బంది ఎలా నడుచుకుంటారో చూడమని కంపెనీ చెప్పింది. "ఇవాళ నువ్వు కాసేపు ఏడవాలి" అని దారిలో నీకు చెప్పాను. నువ్వు తల కూడా ఊపలేదు. సూపు వచ్చాక చెంచా పక్కన పెట్టి, "ఏమండీ, నన్ను పై ఊరి స్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా వేశారు. నిన్న వద్దని రాసిచ్చి వచ్చాను. మిమ్మల్ని వదిలి నేనుండలేక కాదు, నేను లేకపోతే మీరుండలేరని" అన్నావు. అంటూనే ఏడ్చేశావు. నేను బల్ల కింద గడియారం చూసుకున్నాను. తర్వాత నీ మీదికి వంగి, "భలే చేస్తున్నావు. కథ మాత్రం తిరకాసుగా ఉంది, వచ్చేసారి తేలికైనది ఎంచుకో" అన్నాను. నువ్వు నావైపు ఒక్క క్షణం చూసి "అలాగే" అన్నావు. నేను సబ్బు ఉందో లేదో చూడటానికి లేచి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మనకు వడ్డించిన ఆవిడ, కళ్లజోడు తాడు కట్టి మెళ్లో వేసుకున్న నడివయసు మనిషి, నా కుర్చీలో కూర్చుని నీ చెయ్యి పట్టుకుని ఉంది. ఆ రోజు రిపోర్టులో నేనేం రాశానో తిరిగి చూడక్కర్లేదు, కంఠతా ఉంది: "అతిథి నాలుగు నిమిషాలు ఏడ్చారు. సర్వరు అతిథి కుర్చీలో కూర్చున్నారు. క్రమశిక్షణకు పదికి సున్నా." దానికి ఆవిడ ఇచ్చిన సంజాయిషీ ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అయ్యా, నేను కూర్చున్న మాట నిజమే. ఆ అమ్మది నటనని మీకెవరు చెప్పారో గానీ అది నటన కాదు. పెద్ద ఉద్యోగం వచ్చిందంట, మొగుడి కోసం వదిలేసుకుందంట. చెప్తే ఆయన నమ్మట్లేదు అంది. ఏడుస్తున్న మనిషి ముందు ట్రే పట్టుకుని నిలబడటం నాకు చేతకాదు. తీసేస్తే తీసేయండి."

టీచరమ్మా, అది నిజమా? నిజమేనని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. ఎవరో పరాయి మనిషికి నిమిషంలో అర్థమైంది, నీ మొగుడికి పద్నాలుగేళ్లు పట్టింది. నువ్వు అక్కడ ఉండిపోయింది ఇందుకేనా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. వచ్చే ఆదివారం భోజనానికి రా. నీకు నచ్చిన చోటికి వెళ్దాం. నన్ను నలుగురిలో తిట్టడానికైనా సరే రా.

నీ
ఇన్‌స్పెక్టరు

*

టీచరమ్మా,

ఉత్తరం రాసి పదకొండు రోజులైంది. అందిందన్నావు, ఇంకేమీ అనలేదు. గట్టిగా అడగటానికి నాకు మొహం చెల్లలేదు.

నిన్న ఒక్కణ్నే ఆ బ్రూవరీ ఉన్న వీధికి వెళ్లాను. ఇప్పుడక్కడ చెప్పుల షోరూము. ఆ సర్వరమ్మ ఏమైందో చెప్పేవాళ్లు లేరు. నా సున్నాతో ఆవిడ నోటికాడి కూడు పడగొట్టానేమోనని అన్నం సయించడం లేదు. ఎదురుగా కొత్తగా ఒక రెస్టారెంటు పెట్టారు. లోపలికెళ్తే మెనూ లేదు, బల్లకి అంటించిన నల్లగళ్ల బొమ్మని ఫోనుతో పట్టుకోవాలట. నాకు చేతకాలేదు. మంచినీళ్లు తాగి వచ్చేశాను, అవి ఎన్నో నిమిషానికి తెచ్చారో చూసుకోలేదు.

రమ్మన్న ఆదివారం దాటిపోయింది, ఈ ఆదివారానికైనా వస్తావో రావో ఒక్క ముక్క రాయి.

నీ
ఇన్‌స్పెక్టరు

*

ఇన్‌స్పెక్టరు గారూ,

ఆలస్యం చేసినందుకు కోప్పడకండి. పరీక్ష పేపర్ల గొడవలో ఉన్నాను. ఎవరి పేపర్లని అడుగుతారు, చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు మీరు కడుపునిండా తినండి. ఆవిడ ఉద్యోగం పోలేదు. మీ రిపోర్టులన్నీ టైపు చేసింది నేనే కదా. మీరు చేత్తో రాసిన సున్నాకి ముందు నేను ఒకటి పెట్టాను. ఫైలు ఇంకా మీ దగ్గరుంటే చూడండి, పదికి పది అని ఉంటుంది. కూర్చుందన్న వాక్యం మాత్రం కొట్టెయ్యలేదు. అది జరిగిందని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది. దానికే పాపం సంజాయిషీ అడిగి ఉంటారు. తర్వాత స్కూలు నుంచి వస్తూ రెండుసార్లు తొంగిచూశాను, నిక్షేపంలా వడ్డిస్తోంది. అదొక్కటే కాదు, మీరు పెట్టిన సున్నాల్లో చాలావాటికి ముందు నేను ఒకటి పెట్టాను. లెక్కల టీచరుకి తప్పుడు మార్కులు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

అవును, అది నిజమే. ఆ రోజు మిమ్మల్ని ఆ రాగి పీపాల్లో ముంచెయ్యాలన్నంత కోపం వచ్చింది. కానీ తప్పంతా మీ నెత్తిన వేసుకోకండి. ఇంటికొచ్చాక "అది నటన కాదండీ" అని ఒక్కమాట అనడానికి నాకేమైంది? రోషం అడ్డొచ్చింది. ఈయనకి తెలియాలి గానీ నేను చెప్పాలా అనుకుని ముడుచుకున్నాను. "నాలుగు నిమిషాలు ఏడ్చారు" అని నా వేళ్లతో నేనే టైపు చేసి, మీరు చదవకుండానే సంతకం పెడుతుంటే పక్కన నిలబడి చూశాను. పద్నాలుగేళ్లు ఆ ముల్లుని లోపల ఉంచుకున్నది నేనే.

ఇంకో సంగతి మీకిప్పటికీ తెలీదు. ఆ బల్లల దగ్గర నేనేనాడూ కథ అల్లలేదు. వేషం మీరు చెప్పేవారు, మాటలు నావి. చెల్లెలి వేషం వేసిన రోజు "చిన్నప్పుడు నీకేమంటే భయం?" అని అడిగారు. నీళ్లంటే అని చెప్పాను, నిజమే. పెద్దలు ఒప్పుకోని జంటగా వెళ్లినప్పుడు "నాతో వస్తే ఏం పోగొట్టుకుంటావు?" అని అడిగారు. దానికి నేను చెప్పిందీ నిజమే. ఇంట్లో మీరు నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. అందుకే మీరు ఆదివారం ఫలానా చోటుకి వెళ్లాలి అనగానే నేను రెండు రోజుల ముందే చీర ఇస్త్రీ చేసుకునేదాన్ని. మీరు గడియారం చూసుకుంటూ అడిగినా సరే, అడిగేవారు కదా! ఆ రోజులు నాకు ఎంత బాగుండేవో చెప్పలేను. సైకిలు కుర్రాడు కూడా మీరే. మన పెళ్లికి ఏడాది ముందు మా కాలేజీ గేటు దగ్గర జరిగింది. మీరు సైకిలుతో గుద్దినవాటికి లెక్క లేదు కనక మీకు గుర్తుండదు.

ఆ బ్రూవరీ సంగతి మనసులో పెట్టుకుని నేనిక్కడ ఉండిపోలేదు. మీ ఉద్యోగం పోయాక మనం బయటికి వెళ్లడం మానేశాం. ఏడాదిపాటు మీరు ఆ కుర్చీలో, నేను ఈ కుర్చీలో కూర్చున్నాం. తిన్నావా, పడుకుందామా, అంతే. ఆ నిశ్శబ్దం భరించలేక వచ్చాను. వచ్చాక అక్క వాళ్ల వీధి చివర స్కూలు వాళ్లు హెడ్మిస్ట్రెస్ కావాలని వెతుకుతున్నారని తెలిసింది. రిటైరైనా పరవాలేదన్నారు. చేరి నెల దాటింది. నూట ఎనభై మంది పిల్లలు, తొమ్మిది మంది టీచర్లు, గంట కొట్టే ప్యూను నా మాట అసలే వినడు. మీకు చెప్పలేదు. నమ్మరని కాదు. నమ్మి, ఇంటికి వచ్చెయ్యమంటారని. మీరు అడిగితే నేను వచ్చేస్తానని నాకు భయం వేసింది.

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు అదే పనిగా ఏడ్చాను, ఎన్ని నిమిషాలో అక్కని అడగండి. రాజీనామా కాగితం కూడా రాశాను. తర్వాత చింపేశాను. ఒకే తప్పు రెండుసార్లు చేస్తే పిల్లల్ని గోడకుర్చీ వేయిస్తాను, నన్నెవరు వేయించాలి?

కాబట్టి ఆదివారం భోజనానికి నేను రాను. మీరే రండి. ఇక్కడా స్టేషను పక్కన ఒక బ్రూవరీ పెట్టారు. జీతాలు వచ్చిన రోజు టీచర్లమంతా వెళ్లాం, బంగాళాదుంపలు బాగా వేయిస్తారు, పాటలు మాత్రం చెవులు చిల్లులు పడేలా పెడతారు. అక్కకి మీరొస్తారేమోనని చూచాయగా చెప్పాను. "వస్తే రానీ, నా వంటకి మాత్రం మార్కులేశాడో, మోకాలు బాగైన సంగతి వాడికి చూపిస్తా" అంది. వెనకవైపు గది ఖాళీగానే ఉంది, కిటికీకి గడియ లేదు, మీరొచ్చి బిగించాలి.

ఒక్క పూట భోజనానికైతే రావద్దు. మళ్లీ మిమ్మల్ని స్టేషనులో దిగబెట్టి ఒక్కదాన్నే వెనక్కి నడిచి రావడం నావల్ల కాదు. ఆ ఇంటికి తాళం వేసి, పెద్ద పెట్టె సర్దుకుని రండి.

మీ
హెడ్మిస్ట్రెస్