తేనెపెట్టెలో కూసిన రాణి

గోదావరిఖని,
ఫిబ్రవరి 6

తేనెకన్ను కంపెనీ పెద్దలకు, బొగ్గుబాయి రిటైర్డు ఓవర్‌మన్ చింతల గట్టయ్య నమస్కరించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. తేనెటీగల క్షేమమే తెలియడం లేదు. మీ తెలివైన తేనెపెట్టె జనవరి ఇరవై ఏడున అందింది. మీ మనిషే వచ్చి పెరట్లో జామచెట్టు కింద పెట్టి, ఈగలను ఎక్కించి, అడుగున యంత్రం బిగించి సీలు వేసి పోయాడు. పెట్టె బరువు, లోపలి వేడి, ఈగల చప్పుడు అన్నీ అది కనిపెట్టి మీకు చెబుతుందట. "మూత కూడా తీయనక్కర్లేదు సార్, ఫోన్ చూసుకుంటే చాలు" అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయింది. ఇక్కడ రోజూ అయ్యేదే. గిన్నెలు గలగలమంటాయి, మాకు అలవాటు. ఈగలకు అలవాటు లేదు. పొగలాగా లేచి గోదావరి వైపు పోయాయి. నేను టవల్ ఊపుకుంటూ రోడ్డు దాకా పరుగెత్తాను. ఎదురింటి ఎల్లన్న అరుగు మీద కూర్చుని, "ఏందన్నా, నీ ఈగలు సమ్మెకు పోయినయా?" అన్నాడు.

పెట్టె ఖాళీ. ఫోన్లో మాత్రం ఇంకా పచ్చ దీపమే వెలుగుతోంది. మూడు నెలల్లో ఈగలు వెళ్లిపోతే కొత్తవి ఇస్తామని మీ గ్యారంటీ కాగితంలో ఉంది. జల్ది పంపగలరు. వాడకట్టులో అందరికీ తేనె పోస్తానని చెప్పుకున్నాను. ఇప్పుడు ముఖం చూపించలేకపోతున్నాను.

ఇట్లు,
గట్టయ్య

తా.క.: మీ నంబరుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, ఆఖరుకు తేనెటీగల చప్పుడు వినిపించింది. నాకు మిగిలిన ఈగలు అవే. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

---

హైదరాబాదు,
ఫిబ్రవరి 12

ప్రియమైన మధుమిత్రా!

మీ ఆందోళన మాకు అర్థమైంది. మీ పెట్టె నుంచి వచ్చిన సమాచారాన్ని మా కృత్రిమ మేధ క్షుణ్ణంగా పరిశీలించింది. జనవరి 31 నుంచి మీ పెట్టెలో గోల లేదు, కొట్లాట లేదు, ఎవరినీ కుట్టిన దాఖలా లేదు. ఇంత ప్రశాంతమైన తేనెపట్టు మా రికార్డుల్లోనే లేదు. కాబట్టి కొత్త ఈగల అవసరం రాదు. పెట్టె తెరిచి చూస్తే లేనిపోని కంగారు పుడుతుంది. దయచేసి యాప్‌లోనే చూడండి.

మీ ఆనందమే మా తేనె,
కృష్ణప్రియ
కస్టమర్ ఆనంద విభాగం

తా.క.: రోజూ మధ్యాహ్నం మీ పెట్టె ఒక్కసారి అదురుతోంది. ఈగలు సంతోషం పట్టలేక చేసే సామూహిక నృత్యం అది.

---

గోదావరిఖని,
ఫిబ్రవరి 18

కృష్ణప్రియకు, గట్టయ్య ఆశీర్వదించి రాయునది.

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో పని చేశాను. గ్యాసు చూసే యంత్రం నా నడుముకే ఉండేది. గ్యాసు లేదని యంత్రం చెబుతున్నా కార్మికులకు కళ్లు తిరిగిన రోజున, నేను యంత్రాన్ని చూస్తూ నిలబడలేదు. ముందు మనుషుల్ని బయటికి తెచ్చాను. ఈగలు లేవని కళ్లున్నవాడు చెబుతుంటే, కళ్లు మూసుకుని ఫోన్ చూడమంటారేమిటి?

ఇంకో సంగతి. పద్నాలుగో తారీకున మా ఇంటావిడ పోశవ్వ, "పెట్టె ఉత్తగనే పడున్నది గద, కోడి పొదుగుడు మీదున్నది" అని ఈగలు పట్టు పెట్టే లోపలి చట్రాలు తీసి అటకెక్కించింది. గడ్డి పరిచి, పదకొండు గుడ్లు పెట్టి, కోడిని కూర్చోబెట్టింది. యంత్రం సీలు పాడవుతుందే అంటే, "సీలుకేమైతది? మీద గడ్డేసిన గద" అంది. కాబట్టి మీ యంత్రం ఇప్పుడు వింటున్నది తెల్లవారి పెట్టె మీదెక్కి కూసే పుంజును, లోపలి కోడిని. కోడి, అమ్మా. క-కు ఓత్వమిస్తే కో, డ-కు గుడిస్తే డి.

దయచేసి ఈగలు పంపించు.

ఇట్లు,
గట్టయ్య

తా.క.: పోశవ్వ రాయమంటోంది: "పెట్టె మంచిగున్నది, లోపట వెచ్చగున్నది. గిసొంటిదే ఇంకొకటుంటె పంపుండ్రి. ఇంకో కోడి గూడ పొదుగుడుకొచ్చింది."

---

హైదరాబాదు,
ఫిబ్రవరి 26

ప్రియమైన స్వర్ణ మధుమిత్రా!

వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. ఫిబ్రవరి 14 నుంచి మీ పట్టు అద్భుతంగా పుంజుకుంది. లోపల వేడి ముప్పై ఏడు డిగ్రీలకు చేరింది. అంటే పిల్లలు పెరుగుతున్నాయి. తేనె రెండు కిలోలు చేరింది. తెల్లవారి అయిదింటికి రాణి కూస్తోంది. రాణి ఈగలు కూయడం మామూలే కానీ, ఇంత ఆరోగ్యమైన గొంతు మేము ఎన్నడూ వినలేదు.

ఒక్క విషయం మాత్రం బాధతో రాస్తున్నాము. రోజూ ఉదయం తొమ్మిదింటికి ఆ రెండు కిలోల తేనె మాయమై, పావుగంటలో తిరిగి వస్తోంది. మీ ఇంట్లో ఎవరో దొంగిలించి, మనసు మారి మళ్లీ పెడుతున్నారు. ఆ సమయంలో "బా బా బా" అని తోటి దొంగలను పిలుస్తున్న ఆడగొంతు మా దగ్గర రికార్డయింది. ఇంటివారితో సామరస్యంగా మాట్లాడగలరు.

మీ ఆనందమే మా తేనె,
కృష్ణప్రియ
కస్టమర్ ఆనంద విభాగం

తా.క.: మీరు రాసిన 'కోడి' అనే తెగులు మా జాబితాలో లేదు. వేపనూనె చల్లి చూడండి.

---

గోదావరిఖని,
మార్చి 10

కృష్ణప్రియకు, గట్టయ్య రాయునది.

వేపనూనె చల్లలేదు. చల్లి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

నీ ఉత్తరం ఎల్లన్నకు చదివి వినిపించడం నేను చేసిన పొరపాటు. సాయంత్రానికి వాడకట్టంతా పాకింది. కూరగాయలామె కూడా, "పోశక్కా, తేనె దొంగతనం ఎట్ల నడుస్తున్నది?" అని అడిగిపోయింది. పోశవ్వ అన్నం గిన్నె నా ముందు ఠపీమని పెట్టింది. పెడుతూనే అందుకుంది: "నా పెరడు, నా కోడి, నేనేసే నూకలు. నేను దొంగనా? ఆ పిల్లను ఒక్కపారి రమ్మను. కోడి కింద చెయ్యి పెట్టి సూడమను. రాణి ఎట్ల పొడుస్తదో తెలుస్తది!"

మార్చి ఏడున పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. ఫొటో జతపరిచాను. రెండేసి కాళ్లు, ఒక్కొక్క ముక్కు. చూసుకో.

అమ్మా, నాకు ఏ స్వర్ణ పతకమూ వద్దు. బతుకంతా చీకట్లో షిఫ్టులు చేశాను. రిటైరయ్యాక వెలుతురులో కూర్చుని, ఎగిరే ప్రాణాన్ని దేన్నన్నా పెంచుకోవాలనుకున్నాను. జామ పూతకు వచ్చింది. పువ్వు మీద ఒక్క ఈగ వాలడం లేదు.

ఇట్లు,
గట్టయ్య

తా.క.: పిల్లల్లో ఒకదానికి పోశవ్వ నీ పేరు పెట్టింది. ఎంత పిలిచినా అది పలకడం లేదు.

---

హైదరాబాదు,
మార్చి 19

ప్రియమైన వజ్ర మధుమిత్రా!

మీ పెట్టెలో తొమ్మిది మంది కొత్త రాణులు పుట్టినందుకు హృదయపూర్వక అభినందనలు! ఫొటో చూశాము. పసుపు రంగు, ఒత్తయిన నూగు, మేలుజాతి ఈగలు. మీ పట్టును ఆదర్శ పట్టుగా ఎంపిక చేసి, మా యంత్రాలన్నిటికీ దాన్నే పాఠంగా నేర్పించాము. 27వ తేదీ గురువారం మా డైరెక్టర్ గారు కెమెరాలతో మీ ఇంటికి విచ్చేస్తున్నారు.

మీ ఆనందమే మా తేనె,
కృష్ణప్రియ
కస్టమర్ ఆనంద విభాగం

తా.క.: గట్టయ్య గారూ, ఇక్కడి నుంచి పెన్నుతో రాస్తున్నది నేను, నిజం కృష్ణప్రియను. ఇన్నాళ్లూ మీ ఉత్తరాలను యంత్రమే చదివింది, యంత్రమే జవాబులు రాసింది. కింద సంతకం పెట్టడమే నా ఉద్యోగం. మొన్న సోమవారం మా పదకొండు వందల మంది కస్టమర్లకూ ఒకేసారి హెచ్చరిక వెళ్లింది: "మీ రాణి తెల్లవారి కూయడం లేదు. బరువు రెండు కిలోలు తగ్గింది. వెంటనే నూకలు వేయండి." అరకు నుంచి ఒకాయన, నూకలు వేస్తే తన ఈగలు ముట్టడం లేదని ఏడుస్తూ ఫోన్ చేశారు. ఈ నూకలు ఎక్కడివని వెతికితే మీ ఉత్తరాలు దొరికాయి. మూడూ ఒక్కసారే చదివాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. పోశవ్వ గారు పెట్టమన్నచోట చెయ్యి పెట్టడానికి నేను సిద్ధమే.

డైరెక్టర్ గారికి అంతా చెప్పాను. "కోడి అన్నది కస్టమర్ అభిప్రాయం. యంత్రం ఇచ్చింది సమాచారం" అన్నారు.

అందుకని ఆయన కన్నా ముందే, బుధవారం నేను వస్తున్నాను. నస్పూర్‌లో రాజం అనే ఆయన తేనెటీగలు పెంచుతున్నారట. బ్లాస్టింగ్ చప్పుడుకు కదలని ఈగలట. వాటిని తీసుకుని వస్తాను. కోడి కుటుంబాన్ని ఖాళీ చేయించి, చట్రాలు అటక మీద నుంచి దింపి ఉంచండి. ఒక్క మాట: ఈగలను లోపలికి వదలగానే, "పెట్టెలోకి గుర్తు తెలియని పురుగులు చొరబడ్డాయి, తరిమేయండి" అని యంత్రం మీ వాడకట్టు అదిరేలా అలారం కొడుతుంది. ఫికర్ పడకండి. అది మోగుతున్నంతసేపూ మీ ఈగలు లోపలే ఉన్నట్టు.