మొదటి చెంబు నీళ్లు

అక్కా, నీ కూతురు సునీతకు ఆడపిల్ల పుట్టింది. కాన్పుకు పుట్టింటికే వస్తానంది. నువ్వు లేవు కాబట్టి హిందూపురం నుంచి నేనే పెనుకొండలో మీ ఇంటికి వచ్చాను.

నా లింఫోమా క్యాన్సరుకు బెంగళూరులో కీమో ఎక్కిస్తుంటే పక్కన కూర్చుంది నువ్వే. గడ్డలు కరిగాయని తెలిసినప్పుడు వీధంతా లడ్లు పంచావు. గడ్డలైతే పోయాయి గానీ, వేళ్లకూ పాదాలకూ పట్టిన తిమ్మిరి ఇన్నేళ్లయినా వదల్లేదు. ఆ సంగతి సునీతకు చెప్పలేదు. చెబితే పసిబిడ్డను నా చేతికి ఇవ్వదని భయం.

నిన్న పొద్దున బిడ్డకు నీళ్లు పోద్దామని స్నానాల గదిలో పీట మీద కూర్చుని కాళ్లు చాపాను. వేడి చూద్దామని మొదటి చెంబు నా పాదాల మీదే పోసుకున్నాను. కాలలేదు, వేడి సరిపోయిందనుకున్నాను. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి రెండో చెంబు ముంచబోతుంటే, సునీత బకెట్లో చేయి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"చిన్నమ్మా, నీళ్లు కాల్తాండాయి. ఆగు" అంటూ బిడ్డను ఎత్తేసుకుంది.

కాసేపటికి నా పాదాల మీద బొబ్బలు లేచాయి. వాటికి మందు రాస్తూ సునీత అడిగింది.

"మంటగా ఉండాదా?"

"లేదమ్మా."

"కొంచెం కూడానా?"

"కీమో అయినప్పట్నుంచి ఏమీ తెలీడంల్యా."

ఆమె చేయి ఆగిపోయింది. తర్వాత మెల్లగా మళ్లీ రాసింది.

ఈరోజు పచ్చి బాలింత అయ్యుండీ, గోడ పట్టుకుని వెళ్లి తనే ఆ పీట మీద కూర్చుంది. తనే బిడ్డకు నీళ్లు పోసింది. నేను తువ్వాలు పట్టుకుని గడప బయట నిలబడ్డాను. లోపలికి రమ్మని ఆమె పిలవలేదు, అక్కా.