తెల్లపుంజుల స్కీము

1960 ఫిబ్రవరి 8

రాళ్లకుంటకి జీపు మధ్యాహ్నం వచ్చింది. డ్రైవరు, ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు లక్ష్మీనారాయణగారు, వెదురు గంపలు. గంపల్లో వైట్ లెగ్‌హార్న్ పుంజులు. వెల్దుర్తి నుంచి ఇక్కడికి దారంటూ లేదు, రాళ్లే. కిందకి దింపగానే పుంజులన్నీ తూలాయి. ఒకటి లక్ష్మీనారాయణగారి బూటు మీద వాంతి చేసుకుంది. కోళ్లు వాంతి చేసుకుంటాయని నాకు తెలియదు. గ్రామసేవిక ట్రైనింగులో చెప్పలేదు.

ఊరంతా వచ్చింది. స్కీము చెప్పాను. మన పెట్టలు గుడ్లు తక్కువ పెడతాయి. ఈ సీమ పుంజుల్ని మన పెట్టలతో కలిపితే పుట్టే పిల్లలు ఎక్కువ పెడతాయి. ఆ పిల్లల్ని మళ్లీ సీమ పుంజులతో కలిపితే ఇంకా ఎక్కువ. కొన్నాళ్లకి ఊళ్లో కోళ్లన్నీ తెల్లవే. షరతు ఒకటే. నాటు పుంజు అన్నది ఊళ్లో ఉండకూడదు. ఉంటే రక్తం కలిసిపోతుంది.

అంజమ్మ అనే ఆవిడ ఒక పుంజుని కిందా మీదా చూసి, ఏంది ఇంత తెల్లంగుంది, పిడుగురాళ్ల సున్నం బట్టీలోగాని పొర్లిందా అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లక్ష్మీనారాయణగారు బూటు తుడుచుకుంటున్నారు, నవ్వలేదు.

నా ప్రొబేషన్ ఈ స్కీము మీదే ఆధారపడి ఉందని జీపెక్కుతూ చెప్పారు.

ఫిబ్రవరి 14, ఆదివారం

నాటు పుంజుల్ని మాచర్ల సంతకి పంపాలని ఆర్డరు. ప్రెసిడెంటు నరసింహారావుగారు అన్నిటినీ తన కొట్టంలో పోగు చేయించారు. సంతకి ఒక్కటీ చేరలేదు. ఈ వారమంతా ఏ ఇంటి ముందు నడిచినా మసాలా వాసనే. ప్రెసిడెంటుగారి ఇంటి నుంచి నాకూ గిన్నెడు కూర వచ్చింది. వద్దనలేకపోయాను. బాగుంది.

రిపోర్టులో "నాటు పుంజుల తొలగింపు పూర్తి అయినది" అని రాశాను.

ఫిబ్రవరి 16

పూర్తి కాలేదు. పీరాంబీది ఒకటి మిగిలింది. ఆవిడ ఊళ్లో గుడ్లు కొని మాచర్లలో అమ్ముకుని బతుకుతుంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. పుంజు ఎర్రగా, ఎత్తుగా, ఎవరినీ లెక్క చేయనట్టు ఉంటుంది. పేరు నవాబు. ప్రెసిడెంటుగారు వెళ్లి అడిగితే, కావాలంటే నన్ను ఊళ్లోంచి పంపండి, వాడు మాత్రం ఇంటికాడ ఉంటాడు అందట.

సాయంత్రం నేను ఒక్కదాన్నే వెళ్లాను. టీ ఇచ్చింది. ఈ స్కీము ఎన్నాళ్లుంటది అని అడిగింది. గవర్నమెంటు సంగతి చెప్పలేం పిన్నీ అన్నాను. అట్లయితే తొందరగానే పోతదిలే అంది. పిడుగురాళ్లలో ఆవిడ చెల్లెలు హమీదా ఉంది, ఆమె భర్త బట్టీలో పని చేస్తాడు. అక్కడ ఉంచుతానని ఒప్పుకుంది.

ఫిబ్రవరి 17

పీరాంబీ పిన్ని లారీ ఎక్కి పోయింది. నవాబుని ఒళ్లో పెట్టుకుని, ఎండ తగలకుండా కొంగు కప్పి.

ఫిబ్రవరి 27

తెల్లపుంజుల గురించి కొన్ని సంగతులు.

పొద్దెక్కాక గానీ కూయవు. కోడికూతకి లేచే అలవాటున్న ఊరు. అందరికీ ఆలస్యమవుతోంది. నిన్న ఒక ముసలాయన నా గుమ్మం ముందు నిలబడి, సేవికమ్మా, మీ పుంజులకి గడియారం కూడా గవర్నమెంటే ఇస్తదా అని అడిగి పోయాడు.

నేల గీరడం రాదు. పళ్లెంలో పెట్టిందే తింటాయి. గద్ద నీడ పడితే పెట్టలన్నీ కంపలోకి దూరతాయి. ఇవి తలెత్తి చూస్తాయి.

పెట్టలంటే భయం. అంజమ్మగారి పెట్ట ఒకదాన్ని వీధి చివరిదాకా తరిమింది.

మార్చి 6, ఆదివారం

అమ్మ ఉత్తరం. నరసరావుపేటలో అబ్రహాము అని కాంపౌండరు, మన సంఘమే, మన పాస్టరుగారికి బంధువు, నెమ్మదస్తుడు అని రాసింది. నెమ్మదస్తుడు అని రెండుసార్లు రాసింది.

బాలశౌరి మేష్టారు పేపరు చదవడానికి పంచాయతీ సమితి రీడింగ్ రూమ్‌కి వచ్చాడు. పక్క పాలెంలో ఆర్.సి.ఎం. స్కూల్లో పని. తెల్లపుంజు ఒకటి ఆయన సైకిలు నీడలో కూచుంది. అది లేచేదాకా సైకిలు తియ్యకుండా నిలబడ్డాడు. గంట పైనే పట్టింది. అంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుకోక తప్పలేదు.

ఆయన ఆర్.సి.ఎం., అంటే కేథలిక్కు, మేము లూథరన్. కనుక ఇంతే, ఇంకేం లేదు.

మార్చి 20

గద్ద ఇంకో తెల్లపుంజుని ఎత్తుకుపోయింది. తెల్లగా ఉంటే పైనుంచి బాగా కనపడతాయి కాబోలు.

ఏప్రిల్ 12

పిల్లలు లేచాయి. నేను ఇల్లిల్లూ తిరిగి చూశాను. ఒక్కటీ తెల్లగా లేదు. పసుపుగా కూడా లేదు. గోధుమ రంగు, వీపు మీద నల్లటి చారలు, ఉడత పిల్లల్లాగా. చెయ్యి పెట్టబోతే గంప కిందకి దూరి కనపడకుండా పోతున్నాయి. తల్లి పిలిచినా రావడంలేదు.

లెగ్‌హార్న్ తెలుపు గట్టిది, ఏ పెట్టతో కలిసినా పిల్లల్లో చాలావరకు తెలుపే వస్తుందని ట్రైనింగులో చెప్పారు. అంటే తండ్రి ఇంకెవరో.

ఊరంతా ఒకటే మాట. పీరాంబీ పుంజు ఊళ్లోనే ఉంది, దాచిపెట్టింది.

ఏప్రిల్ 14

పంచాయతీ. పీరాంబీ పిన్ని ఇల్లు వెతికారు. అటక మీద, ధాన్యం గాదెలో, మంచం కింద. నవాబు దొరకలేదు. దొరక్కపోవడమే సాక్ష్యం అన్నారు ప్రెసిడెంటుగారు, ఎంత బాగా దాచిందో చూడండి అని. ఇకమీదట ఆవిడకి ఎవరూ గుడ్లు అమ్మకూడదని తీర్మానం.

ఆవిడ ఏడవలేదు. వెతికినవాళ్లు మంచం పక్కకి జరిపారు, దాన్ని యథాస్థానంలో పెట్టి పొమ్మంది.

నన్ను కూడా అడిగారు, నువ్వేమంటావమ్మాయ్ అని. లారీలో తీసుకుపోవడం చూశాను, మళ్లీ తెచ్చిందేమో నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఏప్రిల్ 17, ఈస్టరు

బాలశౌరి మేష్టారు పాస్కు పండగ శుభాకాంక్షలు చెప్పాడు. నేను ఈస్టరు శుభాకాంక్షలు చెప్పాను. ఇద్దరం ఒకే పండగ గురించి మాట్లాడుతున్నామని కాసేపటికి నవ్వొచ్చింది.

ఏప్రిల్ 19

పిడుగురాళ్ల వెళ్లాను, నా కళ్లతో నేనే చూడాలని. హమీదా ఇల్లు బట్టీల వెనకాల ఉంది. నవాబు ఏడీ అంటే గోడ మీదకి చూపించింది. గోడ మీద తెల్లపుంజు ఒకటి నిలబడి ఉంది.

నవాబే. సున్నం దుమ్ముకి తల నుంచి తోకదాకా తెల్లబడ్డాడు. మా లెగ్‌హార్న్‌ల కంటే తెలుపు. హమీదా రోజూ తడిగుడ్డతో తుడుస్తుందట, మధ్యాహ్నానికల్లా మళ్లీ అంతేనట. నన్ను చూసి రెక్కలు విదిల్చాడు. తిరుగు లారీలో తుమ్ముతూనే ఉన్నాను.

కాబట్టి అతను కాదు. మరి ఎవరు?

మే 2

బాలశౌరి మేష్టారు ఒక సంగతి చెప్పాడు. తెల్లవారి సైకిలు మీద వస్తుంటే ఊరి చివర పెంటకుప్ప దగ్గర ఏదో కూత వినపడుతోందట. కోడికూతే కానీ కోడిది కాదు, ముక్కలు ముక్కలుగా ఉందట.

మే 4

పొద్దున్నే పీరాంబీ పిన్నిని తోడు తీసుకుని వెళ్లి గడ్డివామి చాటున కూచున్నాను. మేష్టారు కూడా అక్కడే ఉన్నాడు. సైకిలు చైను సరిగ్గా అక్కడే ఊడిందట.

వెలుగు రాగానే అడవి వైపు తుప్పల్లోంచి వచ్చాడు. అడవి పుంజు. బూడిద రంగు ఒళ్లు, మెడ ఈకల మీద మైనం చుక్కలు అద్దినట్టు పసుపు మచ్చలు, నీలం నలుపు కలిసిన తోక. ఒక కాలెత్తి, ఆగి, చుట్టూ చూసి, ఇంకో అడుగు వేశాడు. అంజమ్మగారి పెట్ట, మా తెల్లపుంజుని తరిమి కొట్టిన పెట్టే, పరుగెత్తుకుంటూ వెళ్లింది. దాని వెనక ఇంకా కొన్ని. ఊరి పెట్టలన్నీ తెలిసినవాళ్లింటికి పోతున్నట్టు పోయాయి. కంచె ఇవతల మా తెల్లపుంజులు రెండు నిలబడి చూస్తున్నాయి.

నాటు పుంజులున్న రోజుల్లో వీడు పొలిమేర దాటేవాడు కాదు, తన్ని తరిమేవాళ్లు అంది పీరాంబీ పిన్ని. నాకు అప్పుడు అర్థమైంది. రక్తం కలవకూడదని మేమే కాపలావాళ్లని కూర వండుకున్నాం.

పిన్ని చానాసేపు చూసి, ఏమైనా అందగాడేలే, పెట్టల తప్పేముంది అంది. మేష్టారు ఇటు తిరిగి చైను బాగు చేసుకోవడం మొదలుపెట్టాడు. చైను బాగానే ఉంది.

మే 5

ప్రెసిడెంటుగారికి చెప్పాను. రాయొద్దన్నారు. స్కీము పోయిందని తెలిస్తే సమితి వాళ్లు వేస్తామన్న రోడ్డు కూడా పోతుందట. మరి పీరాంబీ సంగతి అంటే, ఎవరో ఒకరి మీద ఉండాలి గదమ్మాయ్ అన్నారు.

నిద్ర పట్టేట్టు లేదు. కోపంతో రాస్తే అక్షరాలు పెద్దవవుతున్నాయి.

మే 21

ఎండ. ఆఖరి తెల్లపుంజు పోయింది. తడి గోనెపట్టా కప్పాను, మజ్జిగ పట్టాను. లాభం లేకపోయింది.

ఆగస్టు 9

పిల్లలు పెద్దవయ్యాయి. పగలు ఊళ్లో తింటాయి, సాయంత్రం చింతచెట్టు కొమ్మల చివరికి ఎగిరిపోతాయి. గుడ్లు ఎక్కడ పెడుతున్నాయో దేవుడికే తెలియాలి. మగవాటి మెడల మీద పసుపు చుక్కలు మొదలయ్యాయి. కూత నేర్చుకుంటున్నాయి. కొక్కొరో అని మన భాషలో మొదలుపెట్టి సగంలో మనసు మార్చుకుని అడవి భాషలో ముగిస్తున్నాయి. ఊరు మళ్లీ వేళకి లేస్తోంది, ఉలిక్కిపడి.

పిన్ని ఇప్పుడు గుడ్ల కోసం ఎండలో వెల్దుర్తిదాకా నడుస్తోంది. ముఖం పీక్కుపోయింది.

ఆగస్టు 28

గుంటూరు నుంచి పెద్ద ఆఫీసరుగారు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు. ప్రెసిడెంటుగారు దిగులు పడొద్దన్నారు. ముగ్గుపిండి తెప్పించారు. ఎందుకో చెప్పలేదు.

ఆగస్టు 30

ఇది వివరంగా రాయాలి.

పొద్దున్నే ఆ కోళ్లని చెట్టు మీద నుంచి పట్టించారు. పట్టినవాళ్ల చేతులన్నీ గీరుకుపోయాయి. ఒక్కొక్కదాన్నీ ముగ్గుపిండిలో పొర్లించి గంపల కింద పెట్టారు. నేను వద్దన్నాను. లక్ష్మీనారాయణగారు నన్ను పక్కకి పిలిచి ప్రొబేషన్ గుర్తు చేశారు. నేను ఊరుకున్నాను.

ఆఫీసరుగారు పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర. ఎండకి ముఖం కందిపోయి ఉంది. పూలదండ వేశారు. ప్రెసిడెంటుగారు ఉపన్యాసం ఇస్తుండగానే గంపలు కదలడం మొదలైంది. ఆయన గొంతు పెంచారు. గంపలు ఇంకా కదిలాయి. చివరికి తప్పక, చూడండి సార్ మా ఊరి లెగ్‌హార్న్‌లు అని మొదటి గంప ఎత్తారు.

కోడి నడిచి రాలేదు. నిట్టనిలువుగా లేచింది. మిగతా గంపలు వాటంతట అవే బోర్లాపడ్డాయి. తెల్లటి మబ్బు. ఏమీ కనపడలేదు, తుమ్ములు వినపడ్డాయి. మబ్బు తగ్గాక చూస్తే కోళ్లు కొన్ని జీపు మీద, కొన్ని బడి కప్పు మీద ఉన్నాయి, తమ రంగులో తాము. తెల్లగా మిగిలింది ఆఫీసరుగారు ఒక్కరే. మీసాలు కూడా.

ఎగిరే రకం సార్, కొత్తది అన్నారు ప్రెసిడెంటుగారు.

ఆఫీసరుగారు కళ్లద్దాలు తుడుచుకుని నా వైపు చూసి, ఇవి ఏమిటమ్మా అని అడిగారు. లక్ష్మీనారాయణగారు నా మీద నుంచి చూపు తిప్పలేదు. గుంపు చివర పీరాంబీ పిన్ని నిలబడి ఉంది, ఎవరికీ ఆనకుండా. చెప్పేశాను. వీటి తండ్రి అడవి పుంజు సార్, నాటు పుంజులుంటే రానిచ్చేవి కావు, వాటిని లేకుండా చేసింది మనమే. పీరాంబీ పుంజు ఫిబ్రవరి నుంచీ పిడుగురాళ్లలో ఉంది, నేను చూశాను, ఆవిడ తప్పు ఏమీ లేదు, ఆ తీర్మానం అన్యాయం. ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పినట్టున్నాను.

ఆఫీసరుగారు దండలోంచి పిండి దులుపుకుని, సర్వీసంతా కోళ్లతోనే గడిచిందమ్మా, అడవికోడిని బొమ్మల్లో తప్ప చూడలేదు అన్నారు. రేపు పొద్దున కనపడుతుందా అని అడిగారు.

ఆగస్టు 31

కనపడింది. ఆఫీసరుగారు గడ్డివామి వెనక మోకాళ్ల మీద కూచుని చూశారు. పక్కన పీరాంబీ పిన్ని, గట్టిగా ఊపిరి పీల్చొద్దని ఆయనకి సైగలు చేస్తూ. ఆయన చెవుల్లో ఇంకా పిండి ఉంది. పుంజు వెళ్లిపోయాక కూడా ఆయన వెంటనే లేవలేదు.

టీ తాగుతూ ఆర్డర్లు చెప్పారు. ఊళ్లోకి నాటు పుంజులు మళ్లీ రావాలి. పీరాంబీ మీద తీర్మానం ఈ పూటే తీసేయాలి. నా ప్రొబేషన్ ఇంకో ఏడాది. అంతకంటే నేనేమీ చెయ్యలేను, లక్ష్మీనారాయణ రిపోర్టు రాస్తాడు అన్నారు. రోడ్డు మాట ఎవరూ ఎత్తలేదు.

సెప్టెంబరు 11

నవాబు వచ్చాడు. లారీ ముందు సీట్లో. పీరాంబీ పిన్ని స్నానం చేయించాక ఎర్రగా బయటపడ్డాడు. సాయంత్రానికి ఊరి చివర అడవి పుంజుతో పెద్ద గొడవ. ఈకలు చూస్తే ఎవరు గెలిచారో తెలియలేదు. మొదట గుడ్లు తెచ్చి పిన్నికి అమ్మింది ప్రెసిడెంటుగారి భార్య ధనమ్మగారు.

అక్టోబరు 16

అమ్మ వచ్చింది. బాలశౌరి సంగతి నేనే చెప్పాను. అమ్మ కూలబడి, ఆర్.సి.ఎం. వాళ్లా అంది.

మధ్యాహ్నం పీరాంబీ పిన్ని వచ్చింది. మీ రెండింటికీ తేడా ఏంది హన్నమ్మక్కా, నాకు ఇప్పటికీ తెలవదు అని అమ్మని అడిగింది. అమ్మకి ఇలాంటి ప్రశ్న అంటే ప్రాణం. సర్దుకుని కూచుని మొదలుపెట్టింది. బైబిలా అంటే అదే. పాటలా అంటే వేరు, కానీ కొన్ని అవే. ఆదివారమా, అదే. క్రిస్మసా, అదే. అమ్మ వేగం తగ్గింది. చివరికి గుర్తొచ్చి, వాళ్లు మరియమ్మని కొలుస్తారు అంది. పీరాంబీ పిన్ని, మరియమ్మా, మాకూ ఉందిగా, మా ఖురానులో ఆమె పేరు మీద పెద్ద అధ్యాయమే ఉందంట అంది.

అమ్మ చల్లారిపోయిన టీ తాగేసింది. తర్వాత, అతను నెమ్మదస్తుడేనా అని అడిగింది.

డిసెంబరు 27

పెళ్లయింది. రెండుసార్లు.

పొద్దున వాళ్ల గుళ్లో, సాయంత్రం మా గుళ్లో. సాయంత్రం సంగతి ఫాదరుగారికి తెలియదు. పొద్దుటి సంగతి పాస్టరుగారికి తెలియదు. రెండు చోట్లకీ ఊరంతా వచ్చింది, రెండు చోట్లా మొదటిసారి చూస్తున్నట్టు కూచుంది.