పెరటి గోడ మీది గ్లాసు

మిల్టన్ కీన్స్,
ఆదివారం

అక్కా, ఇక్కడ అందరం కులాసా.

నిన్న మా శ్రీనిధిని యూదుల ఊచకోత మ్యూజియంకి తీసుకెళ్ళాను. యూదులు కూర్చోకూడదని బోర్డు పెట్టిన పార్కు బెంచీ ఫోటో చూపించి, గైడు పెద్దావిడ “ఇలాంటి వాటితోనే మొదలైంది” అంది. ఇది ఊరుకుందా? “పెద్దమ్మ ఇంట్లో పనిచేసే సారమ్మకి వేరే గ్లాసున్నట్టా?” అని ఇంగ్లీషులో గట్టిగా అడిగింది. “ఏ గ్లాసు?” అందావిడ. ఏదో ఇంటి సంగతని దాటేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నిన్నొక్కదాన్నే అనడం లేదక్కా. పోయిన వేసవిలో పెరటి గోడ మీది ఆ గ్లాసులోకి, తగలకుండా కాఫీ ఎత్తి పోసింది నేనేగా! అది తీసెయ్. మనం తాగేవాటిలోనే ఇవ్వు.

ఆపరేషనైన కంట్లో చుక్కలు మానకు. కట్టు తీసేదెప్పుడు? మామిడల్లం పచ్చడి పంపు. బావగారికి నమస్కారాలు.

నీకు ఈ కార్డు చదివిపెట్టేది సారమ్మ కూతురేనని తెలుసు. తెలిసే కవర్లో పెట్టలేదు. ప్రఫుల్లా, గ్లాసు సంగతి ఇంకోసారి గట్టిగా చదువమ్మా, పెరట్లో ఉన్న మీ అమ్మకి వినపడేలా.

నీ చెల్లెలు
పద్మజ