బాపుకు వినపడేంత గొంతు

నవంబర్ 3, సోమవారం

దీపావళి సెలవులు అయిపోయాయి. ఉధ్నా స్టేషన్ బయట ఒకటే జనం. ఊళ్ల నుంచి తిరిగొచ్చిన మరమగ్గాల పనివాళ్లు — మూటలు, బియ్యం సంచులు, నిద్రమొహం పిల్లలు. పొద్దున్నుంచి ఆటోలో స్టేషనుకీ డిండోలికీ తిరుగుతూనే ఉన్నాను. అరవడంలో నన్ను మించిన డ్రైవర్ ఆ స్టాండులో లేడు. "డిండోలి, డిండోలి" అని ఒక్క కేక వేస్తే మెట్ల మీద ఉన్నవాళ్లు కూడా తల తిప్పుతారు. మొదట్లో మగ డ్రైవర్లు నవ్వేవారు. ఇప్పుడు నా పక్కన బండి పెట్టుకోవడానికి పోటీ... నా కేకకు వచ్చినవాళ్లలో మిగిలినవాళ్లు తమకు దొరుకుతారని.

గొప్పలు చెప్పుకుంటున్నానా? నా డైరీ, నా ఇష్టం.

నవంబర్ 5

రాజవ్వ అత్తమ్మ వచ్చింది. బాపు చెల్లెలు, నా మేనత్త. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈమే, కాబట్టి ఈమె మాట కాదనడం అంత తేలిక కాదు. పదహారో తారీఖున కులసంఘం హాల్లో వధూవరుల పరిచయ వేదికట. నా పేరు ఇచ్చి వచ్చిందట. నన్ను అడగలేదు. ముప్పై ఏళ్లు వచ్చినదాన్ని అడిగేదేముంది అని ఆమె లెక్క.

నాకూ పెళ్లి వద్దని లేదు. ఉన్నమాట రాసుకోవాలి — తోడు కావాలనే ఉంది.

"స్టేజీ మీద మైకు ఇస్తరు. పేరు, చదువు, చేసే పని చెప్పాలె. జర మెల్లగ చెప్పు బిడ్డా. నీ గొంతు ఇంటే పెండ్లికొడుకులు కామ్‌రేజ్ దాక ఉరుకుతరు."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

నవంబర్ 7

మా ఇంట్లో అందరిదీ పెద్ద గొంతే. బాపు ఏళ్ల తరబడి సాంచాల షెడ్డులో నిలబడ్డాడు. ఆ మగ్గాల చప్పుడుకు రెండు చెవులూ సగానికి పైగా పోయాయి. చెవి మిషన్ పెట్టుకుంటే గుయ్యిమంటుందని తీసి గూట్లో పడేశాడు. ఉప్పు అందుకొమ్మనాలన్నా అరవాల్సిందే. పుట్టినప్పటి నుంచీ అరుస్తూనే పెరిగాను. మా ఇంట్లో ఏం కూర వండామో గల్లీ అంతటికీ తెలుసు.

మొన్న అత్తమ్మ వెళ్తూ వెళ్తూ అన్నది — "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు."

నా నోరు మంచిదే. పెద్దది, అంతే.

నవంబర్ 9

పక్కింటి గుజరాతీ హంసాబెన్ కూడా ఇందులో చేరింది. స్టేజీ మీద ఆటో అనొద్దట. "ట్రాన్స్‌పోర్ట్ కా బిజినెస్ బోల్ బేటా. ఝూఠ్ థోడీ హై?" అబద్ధమైతే కాదు కదా అని. చేతిలో వేడి ఢోక్లా గిన్నె. ప్రేమతోనే చెప్పింది. అందరూ ప్రేమతోనే చెబుతున్నారు, అదే చిక్కు. తిట్టేవాళ్లయితే ఎదురు తిట్టి వచ్చేదాన్ని.

వయసు ముప్పై కాదు, ఇరవై ఏడట. పని బిజినెస్. గొంతు మెల్లగా. ఆ రోజు ఆటో వెనక గల్లీలో దాచాలి. ఇక నేను వెళ్లడం ఎందుకు? వీళ్లు చెప్పే ఆ పిల్లనే వెతికి పంపిస్తే సరిపోతుంది.

ఢోక్లా మాత్రం బాగుంది.

నవంబర్ 11

సరే, ప్రయత్నించాను. అత్తమ్మ కోసం. నిన్నా ఇవాళా మెల్లగా మాట్లాడాను. స్టాండులో కేక లేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని "తబియత్ ఖరాబా?" అని పక్క డ్రైవర్. ఇంట్లోనూ మెల్లగానే — సాధన కావాలి కదా. అన్నం పెట్టి, అత్తమ్మ నేర్పినట్టు, "తిను బాపూ" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. స్టేషన్ దగ్గర గొడవ సంగతి చెప్పాను. తల ఎత్తలేదు. తింటున్నాడులే అనుకున్నాను.

సాయంత్రం వచ్చి నా ముందు నిలబడ్డాడు. "నేనేమన్న తప్పు జేసిన్నా బిడ్డా? నిన్నటి సంది నాతోని మాట్లాడ్త లేవు."

...

ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే మా ఇంటి గొంతుతో అరిచాను — "నీ మీద కోపమేంది బాపూ!" గల్లీలో కుక్క మొరిగింది. బాపు నవ్వాడు. పోయినదేదో దొరికినట్టు నవ్వాడు.

ఇంక చాలు. ఎవరి కోసమూ మళ్లీ చెయ్యను.

నవంబర్ 13

అత్తమ్మ తన పట్టుచీర తెచ్చి ఇచ్చింది. రవిక తనే కుట్టించింది. నా నిర్ణయం ఇంకా చెప్పలేదు. చెప్పాలి... చెబితే ఏడుస్తుంది. పిరికితనమే. స్టేజీ మీదే వినేస్తుందిలే.

నవంబర్ 16, ఆదివారం

వెళ్లాం. ఆటోలోనే. నేను నడుపుతున్నాను, బాపూ అత్తమ్మా వెనక. హాలు గేటు ఎదురుగానే పెట్టాను. అత్తమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని దిగింది.

నా ముందు వెళ్లిన అమ్మాయిలు మెల్లగా, చక్కగా మాట్లాడారు. తప్పేం లేదు, వాళ్ల గొంతు అది. బాపు చివరి వరసలో కూర్చుని ప్రతిసారీ "ఏమన్నది? ఏమన్నది?" అని పక్కవాళ్లను అడుగుతున్నాడు. వాళ్లు విసుక్కుంటున్నారు.

నా వంతు. నోరు తెరిచానో లేదో మైకు కీచుమంది. "జర దూరం వెట్టమ్మా" అన్నారు సంఘం పెద్దాయన. దూరం ఎందుకు, బల్ల మీదే పెట్టేశాను.

"నా పేరు స్వప్న. ఉండేది డిండోలి. ముప్పై ఏండ్లు. డిగ్రీ నడుమల ఆపేసిన. ఆటో నడుపుత. బండి నాదే. మా బాపుకు సాంచాల చప్పుడుకు చెవులు పోయినయి. ఆయనకు ఇనవడాలని నా గొంతు గిట్ల పెరిగింది. పెండ్లయినా బండి ఆపను, గొంతు తగ్గియ్యను. ముందే చెప్తున్న, తర్వాత లొల్లి వద్దు."

హాల్లో ముందు గుసగుసలు. తర్వాత నవ్వులు. ఎవరో ముసలమ్మ చప్పట్లు కొట్టింది, ఇంకొందరు కలిశారు. చివరి వరసలో బాపు లేచి నిలబడి — "మొత్తం ఇనవడ్డది బిడ్డా!"

దిగి తిన్నగా బాపు దగ్గరికి వెళ్లాను. ఇంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు. బండి కొన్న రోజు కూడా.

నవంబర్ 17

అత్తమ్మ మాట్లాడటం లేదు. చీర మడతపెట్టి తీసుకెళ్తూ "పుట్టుకతోని వచ్చిన బుద్ధి..." అని సగంలో ఆపింది. మిగతా సగం నాకు తెలుసు.

నవంబర్ 19

అత్తమ్మే వచ్చింది. మొహం వెలిగిపోతోంది, దాచుకోవడానికి తిప్పలు పడుతోంది. అబ్బాయి పేరు శ్రీకాంత్. కామ్‌రేజ్‌లో బట్టల మిల్లులో సూపర్‌వైజర్. ఆ రోజు తల్లితో హాల్లోనే ఉన్నాడట. నా నంబరు అడిగారట. "గంతమందిల నువ్వే యాదికున్నవట."

చాలా మాటలు నోటి దాకా వచ్చాయి. వాటి బదులు చాయ్ పెట్టి ఇచ్చాను, ఆమెకు ఇష్టమైనట్టు అల్లం ఎక్కువ వేసి.

నవంబర్ 22

రోజూ ఫోన్ చేస్తున్నాడు. తమాషా మనిషి. "మీరు ఫోన్ పెట్టేసి మాట్లాడుండ్రి, కామ్‌రేజ్‌కి ఇనవడ్తది." బాపుతో కూడా మాట్లాడాడు — అడక్కుండా తనే అరిచి మాట్లాడాడు. మిల్లులో ఉండేవాడు కదా. బాపు చాలాసేపు ఫోన్ వదల్లేదు.

నచ్చాడు. రాసేశాను.

నవంబర్ 25

ఇవాళ అన్నాడు. "పెండ్లయినంక ఆటో ఎందుకు స్వప్నా? నేనుండంగ నువ్వు ఎండల, పొగల తిరుగుడేంది? ఇన్నేండ్లు కష్టపడ్డవు. ఇగ నిమ్మళంగ ఇంట్ల ఉండు."

స్టేజీ మీద చెప్పానుగా అంటే — "కష్టంల ఉన్నవు, పౌరుషానికి అన్నవనుకున్న."

మొదటిసారి 'నువ్వు' అన్నాడు. నిమ్మళంగా ఉండమని ఈ జన్మలో ఇంతవరకూ ఎవరూ నాతో అనలేదు. కళ్లు చెమర్చాయి. సరే అనబోయాను, నిజంగానే అనబోయాను. అత్తమ్మ మాటను గెలిచాను గానీ ఈ మాటను గెలవడం ఎంత కష్టం...

"కష్టం గాదు. నాకు ఇష్టం" అన్నాను. "ఎండ నాకు అలవాటే. ఇంట్ల కూసునుడే అలవాటు లేదు."

అటు నుంచి, "ఆలోచించు."

"నేను ఆలోచించినంకనే స్టేజీ ఎక్కిన. మీరు ఆలోచించుండ్రి."

పెట్టేశాక కూడా ఫోన్ చేతిలోనే ఉంది.

నవంబర్ 26

ఫోన్ రాలేదు.

నవంబర్ 27

రాలేదు. అత్తమ్మ నా తల నిమురుతూ — "ఇప్పుడు ఊ అను బిడ్డా. తర్వాత మెల్లగ మనసు మారుతది." ఎవరి మనసు మారుతుందో అడగలేదు.

ఇవాళ స్టాండులో మామూలు కంటే గట్టిగా అరిచాను. గొంతు బొంగురుపోయింది.

నవంబర్ 29

మెసేజ్. "రేపు ఆదివారం. బస్సుల ఉధ్నాకొస్త. మీ ఆటోల కూసుంట. ఎటన్న తీస్కపోండ్రి."

అంతే. మళ్లీ 'మీ'. ఒప్పుకున్నాడా? నచ్చజెప్పడానికి వస్తున్నాడా? ఎన్నిసార్లు చదివినా రెండూ అందులోనే ఉన్నాయి.

బాపుకు చదివి వినిపించాను. కాసేపు గడ్డం గోక్కుని — "నువ్వు నడుపుతుంటె వెనక సీట్ల నిమ్మళంగ కూసుంటడా, లేదా? గది చూడు ముందు." గల్లీ అంతా విన్నది. రేపు స్టేషన్‌కి మా వాళ్లు ఎంతమంది కూరగాయల వంకతో అతన్ని చూడ్డానికి వస్తారో!

నవంబర్ 30, ఆదివారం

బయల్దేరే ముందు రాస్తున్నాను. పొద్దున్నే బండి తుడిచాను. రోజూ తుడిచినట్టే.

కాదు, కొంచెం ఎక్కువే తుడిచాను. వెనక సీటు మరీ ఎక్కువ.

జడ మామూలు జడే. చీర కట్టుకోలేదు, రోజూ వేసుకునే డ్రెస్సే. అతను నాలుగు మంచి మాటలు చెప్పి, నేను వినకపోతే దిగి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే ఏడుస్తాను, అబద్ధమెందుకు. ఇంటికి మాత్రం బండి నడుపుకుంటూనే వస్తాను.